‘వచ్చే మీటింగ్‌లో చూద్దాం’

(నివాస సముదాయాల నిర్వహణ కమిటీ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగంమంది ఏదో ఒక అపార్ట్‌మెంట్ కమిటీలో ప్రెసిడెంటో, సెక్రటరీయో, ట్రెజరరో అని నిర్వాహకులు చెప్పారు. మిగతా సగంమంది ఆ కమిటీలని తిట్టేవాళ్ళై ఉంటారు. (నవ్వులు) తిట్టేవాళ్ళే నాకు ఎక్కువ ఇష్టం. కనీసం వాళ్ళకి మోటారు పాడైందని తెలుసు.

ఉమ్మడి సౌకర్యాల గురించి ఎక్కడ మాట్లాడినా మాట స్వార్థం దగ్గర మొదలవుతుంది. ‘ఎవరికీ పట్టదండీ, ఎవడిల్లు వాడిదే’ అంటారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. లిఫ్ట్‌ని ఎవరూ స్వార్థంతో పాడు చేయరు. పైన ట్యాంకు గోడ కారుతుంటే దానివల్ల లాభపడేవాడు ఎవడూ లేడు. అయినా అది మూడేళ్ళు కారుతుంది. ఎందుకని? ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, అందరూ తల ఊపుతారు, ‘వచ్చే మీటింగ్‌లో చూద్దాం’ అని లేచిపోతారు. పదిమందిలో పాము చావదంటారే, అచ్చం అదే. ఆ పదిమందిలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. కర్ర ఎవరి చేతిలో ఉండాలో తేలలేదు, అంతే.

ఈ వాయిదా ఎంత దూరం పోతుందో తెలియాలంటే అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, సర్ఫ్‌సైడ్ అనే సముద్రతీర పట్టణంలో జరిగింది చూడాలి. చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అని 12 అంతస్తుల అపార్ట్‌మెంట్. 1981లో కట్టారు. 2018లో ఒక ఇంజనీరింగ్ సంస్థ పరిశీలించి రిపోర్టు ఇచ్చింది. ఈతకొలను చుట్టూ ఉన్న డెక్ (కాంక్రీటు గచ్చు) మీద వాటర్‌ప్రూఫింగ్ పాడైపోయింది, ఆ డెక్‌కి వాలు లేకపోవడంతో నీళ్ళు జారిపోకుండా నిలుస్తున్నాయి, కింది కాంక్రీటు దెబ్బతింటోంది అని అందులో ఉంది. మరమ్మతుకి డబ్బు కావాలి. ఇంత ఖర్చు అవసరమా, ఇంకో అభిప్రాయం తీసుకుందామా, ఇప్పుడే ఎందుకు... మీకు బాగా తెలిసిన సంభాషణే. 2019లో ఏడుగురు సభ్యుల బోర్డులో ఐదుగురు రాజీనామా చేశారు. 2021 ఏప్రిల్‌కి వచ్చేసరికి ఒకటిన్నర కోట్ల డాలర్ల పని తప్పదని తేల్చి, ఇంటింటి వాటా ఎంతో లెక్కగట్టారు. ఆ వాటాలు కట్టడం జులై 1 నుంచి మొదలవ్వాలి. జూన్ 24 తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా, భవనంలో పెద్ద భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ డెక్‌లో కట్టిన నాటి లోపాలు కూడా ఉన్నాయని ప్రభుత్వ దర్యాప్తు సంస్థ చెప్పింది. కాబట్టి తప్పంతా నివాసులమీద తోసేయడం అన్యాయం. కానీ చేతిలో రిపోర్టు పెట్టుకుని మూడేళ్ళు వాదించుకున్నది మాత్రం మనలాంటి మనుషులే. ఆ రోజుల్లో ఫ్లోరిడాలో ఫ్లాట్ల యజమానులు ఓటు వేసుకుని ‘ఈ ఏడాది రిజర్వ్ ఫండ్‌లో డబ్బు వేయం’ అని తీర్మానించుకునే వీలుండేది. రిజర్వ్ ఫండ్ అంటే ముందుముందు వచ్చే పెద్ద మరమ్మతుల కోసం పక్కన పెట్టే నిధి. ప్రమాదం తర్వాత, 2022లో చట్టం మార్చారు. మూడంతస్తులు, అంతకు పైబడిన భవనాల్లో కట్టడానికి సంబంధించిన పనుల నిధిని ఇక ఓటుతో మానేయడానికి లేదన్నారు.

ఈ రిజర్వ్ ఫండ్ సంగతే కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. మన దగ్గర కార్పస్ అంటారు, సింకింగ్ ఫండ్ అంటారు. పేరు ఏదైనా చాలా చోట్ల దాన్ని చూసే తీరు ఒకటే, కష్టకాలంలో పనికొస్తుందని దాచిన డబ్బు. అది సరైన చూపు కాదని నా అభిప్రాయం. లిఫ్ట్ ఒకనాటికి మార్చాల్సి రావడం కష్టకాలం కాదండీ, అది ముందే తెలిసిన సంగతి. లిఫ్ట్ 20 ఏళ్ళు ఆడుతుందనుకోండి. మార్చడానికి 100 పాళ్ళు అవుతుందనుకుంటే, ఏడాదికి 5 పాళ్ళు ఇవాళ్టి ఖర్చే. లిఫ్ట్ ఎక్కిన ప్రతిసారీ దాన్ని కొంచెం అరగదీస్తున్నాం. ఆ అరుగుదల డబ్బు కట్టకుండా మెయింటెనెన్స్ తక్కువగా ఉందని సంబరపడితే, పదిహేనేళ్ళ తర్వాత ఆ ఫ్లాట్ కొనుక్కుని వచ్చే ఎవరో కొత్త కుటుంబం నెత్తిన మన బిల్లు పెట్టినట్టు. ఎన్నికల్లో ‘మెయింటెనెన్స్ పెంచం’ అని గెలిచే కమిటీలు ఉన్నాయి. వాళ్ళు తగ్గించింది ఖర్చుని కాదు. ఆ ఖర్చుని తర్వాతికి వాయిదా వేశారు, అంతే. ఈలోగా ధరలు కూడా పెరుగుతాయి కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే వస్తుంది.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక పెద్ద కాగితం తీసుకోండి. లిఫ్టులు, మోటార్లు, జనరేటర్, పైన ట్యాంకుల వాటర్‌ప్రూఫింగ్, బయటి గోడల రంగు, ఫైర్ పంపులు, మెయిన్ కేబుళ్ళు, గేటు, సీసీ కెమెరాలు, అన్నీ రాయండి. పక్కన ఎప్పుడు పెట్టారు, ఇంకా ఎన్నేళ్ళు ఆడుతుంది, మార్చాలంటే ఎంత. ఆడే ఏళ్ళు ఊహగా రాయకండి, ఆ పని చేసే మెకానిక్‌నో ఇంజనీర్‌నో పిలిచి చూపించి రాయండి. భాగహారం చేస్తే ఏటా ఎంత పక్కన పెట్టాలో వస్తుంది. మొదటిసారి ఆ అంకె చూసి కళ్ళు తిరుగుతాయి. తిరగనివ్వండి. ఆ డబ్బుని నెలవారీ ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో వేయండి. కలిసి ఉంటే సెక్యూరిటీ ఏజెన్సీ బిల్లు లేటయిన నెలలో అందులోంచే తీస్తారు. మళ్ళీ వేయరు.

ఇక రోజువారీ నడిచే వాటి సంగతి. యంత్రాల గదిలోకి కమిటీ సభ్యులు ఎప్పుడైనా దిగుతారా? దిగరు. వాసన వస్తుంది కదా! (నవ్వులు) సొంత ఎస్‌టీపీ, అంటే మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటు ఉన్న కాంప్లెక్సుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఒకటి చెబుతాను. కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని ఎవరో తెలివైనవాళ్ళు రాత్రిపూట బ్లోయర్ ఆపమంటారు. బ్లోయర్ అంటే మురుగు ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం. అక్కడ నీటిని శుభ్రం చేసేది యంత్రం కాదు, బ్యాక్టీరియా. వాటికి ఊపిరి ఆ గాలే. రోజూ గంటల తరబడి ఆపితే అవి నీరసిస్తాయి, కొన్ని చచ్చిపోతాయి, గాలి అక్కర్లేని వేరే రకం బ్యాక్టీరియా పెరుగుతుంది, అప్పుడొస్తుంది కుళ్ళిన గుడ్ల కంపు. పొద్దున మళ్ళీ ఆన్ చేసినంత మాత్రాన చచ్చినవి లేచి రావు, మళ్ళీ పెరగడానికి రోజులు పడుతుంది.

దీన్ని కనిపెట్టడానికి ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. లీటరు కొలత గీతలున్న గాజు జాడీ ఒకటి కొనండి. గాలి ఊదే ట్యాంకులోంచి నీళ్ళు తీసి అందులో నిండుగా పోసి, కదపకుండా 30 నిమిషాలు పక్కన పెట్టండి. ప్లాంటు ఆరోగ్యంగా ఉంటే గోధుమరంగు బురద మెల్లగా అడుక్కి దిగుతుంది, పైన తేరుకున్న నీళ్ళు కనిపిస్తాయి. బురద దిగకుండా జాడీ అంతా మబ్బుగా ఉన్నా, నల్లగా ఉన్నా తేడా ఉన్నట్టే. ఆపరేటర్ రోజూ బురద ఏ గీత దగ్గర ఆగిందో పుస్తకంలో రాయాలి. నెలకోసారి కమిటీలో ఒకరు దిగి తన కళ్ళతో చూడాలి. ఆ ఒకరు ఎవరో పేరు ఉండాలి. ‘కమిటీ చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూసుకోరని అర్థం.

జనరేటర్‌దీ ఇలాంటి కథే. అవసరమైనప్పుడు స్టార్ట్ కాలేదంటే ముందు బ్యాటరీ చూడండి, చాలాసార్లు అదే. నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఊరికే తిప్పి ఆపేస్తారు, అది కూడా మంచిది కాదు. లోడ్ లేకుండా తిప్పితే డీజిల్ సరిగ్గా మండక ఇంజన్లో మసి పేరుకుంటుంది. లోడ్ ఇచ్చి తిప్పాలి. ఈతకొలను దగ్గర ఘాటుగా క్లోరిన్ వాసన వస్తే ‘బాగా మందు వేశారు’ అనుకుంటాం. నిజానికి తలకిందులు. క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసన అది. సరిపడా క్లోరిన్ లేకపోతేనే ఆ ఘాటు. రీడింగులు రాసే పుస్తకం గట్టు మీదే ఉండాలి, ఈదేవాళ్ళు తెరిచి చూసేలా.

సరే, అందరికీ ఇష్టమైన తగువు దగ్గరికి వద్దాం. ఎవరెంత కట్టాలి? కొందరు చదరపు అడుగుల లెక్క అంటారు, కొందరు ఇంటికింత సమానంగా అంటారు. రెండు వైపులా మీసాలు మెలేసేవాళ్ళు ఉంటారు. నన్నడిగితే ఏ ఒక్క లెక్కా అన్నిటికీ పనికిరాదు. వాచ్‌మన్ జీతం పెద్ద ఇంటికి ఎక్కువా చిన్న ఇంటికి తక్కువా కాదు, అది సమానంగా పంచచ్చు. బయటి గోడ రంగు, టెర్రస్ మరమ్మతు, భవనం బీమా, ఇవి ఆస్తి విలువని కాపాడేవి, కాబట్టి విస్తీర్ణం బట్టి పంచడం న్యాయం. నీళ్ళు మాత్రం వాడకాన్ని బట్టే. అందుకు ఇంటింటికీ మీటర్ ఉండాలి. అందరి బిల్లూ కలిపి సమానంగా పంచే చోట, కారుతున్న కుళాయి బాగుచేయించడానికి ఎవరికీ తొందర ఉండదు. కారిపోయిన నీళ్ళ ఖర్చులో నా వాటా ఏ నూరో వంతో, ప్లంబర్ ఖర్చు మాత్రం మొత్తం నాదే. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు, లెక్కే అలా ఉంది.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు లిఫ్ట్‌కి ఎందుకు కట్టాలి అనే ప్రశ్న ప్రతి చోటా వస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒప్పుకున్నారనుకోండి, మర్నాడు పై అంతస్తువాళ్ళు వస్తారు, మేం కింది తోట వాడం అంటారు. పిల్లలు లేనివాళ్ళు ఆటస్థలం అంటారు, కారు లేనివాళ్ళు ర్యాంపు అంటారు. ఇలా విడదీస్తూ పోతే ఖర్చు కంటే లెక్క రాయడానికే ఎక్కువ మనుషులు కావాలి. పైగా లిఫ్ట్ లేని భవనంలో కింది ఫ్లాట్ ధర కూడా పడిపోతుంది. అద్దెకుండేవాడు లిఫ్ట్ ఎక్కకపోవచ్చు గానీ, అమ్మేరోజున యజమాని ఎక్కుతాడు. కాబట్టి నా సలహా ఏమిటంటే, మీటర్‌తో కొలవగలిగింది కొలవండి. కొలవలేనిదాన్ని కొలిచినట్టు నటించకండి. బుకింగ్‌తో వాడే హాలు, గెస్ట్ రూము లాంటి వాటికి వాడినవాళ్ళ దగ్గర తీసుకోండి. మిగతాది పంచుకోండి.

చాలినన్ని లేనివాటిని పంచుకోవడం ఇంకో తలనొప్పి. ముఖ్యంగా పార్కింగ్. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఉమ్మడి పచ్చిక బయలుంటే ప్రతివాడూ ఇంకో పశువుని తోలతాడు, లాభం తనది, నష్టం అందరిదీ, చివరికి గడ్డి మిగలదు అన్నాడు. ప్రపంచమంతా నిజమే కదా అనుకుంది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ మాత్రం అలాంటి ఊళ్ళు నిజంగా ఎలా నడుస్తున్నాయో వెతికి చూసింది. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఉంది. అక్కడ 1517లోనే ఒక నియమం రాసుకున్నారు. చలికాలమంతా నువ్వు సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని మేపగలవో, వేసవిలో ఉమ్మడి పచ్చికకి అన్నిటినే తోలాలి. ఎంత చక్కటి నియమమో చూడండి. అందరికీ అర్థమవుతుంది, ఎవడు తప్పాడో ఊరందరికీ కనిపిస్తుంది. ఇలాంటివి ఎన్నో పరిశీలించి, వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుని వాళ్ళే కాపలా కాసుకున్న చోట ఉమ్మడి వనరులు శతాబ్దాలు నిలిచాయని ఆవిడ చూపించింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే.

పార్కింగ్ గొడవ ఉన్న కమిటీలకి నేను ఎప్పుడూ చెప్పేది ఆవిడ రాసిన ఇంకో ఉదాహరణ. టర్కీలో అలన్యా అనే చోట జాలర్లు కొట్టుకునేవాళ్ళు, మంచి చేపలు పడే చోట్ల కోసం. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. వల వేసే చోట్లన్నీ జాబితా రాసి, సెప్టెంబరులో చీటీలు తీస్తారు. ఆ తర్వాత జనవరి దాకా ప్రతివాడూ రోజుకో చోటు చొప్పున తూర్పుకి జరుగుతాడు, జనవరి నుంచి మే దాకా పడమరకి. మంచి చోటు అందరికీ వస్తుంది, చెడ్డ చోటూ అందరికీ వస్తుంది. కాపలాదారు అక్కర్లేదు. ఇవాళ మంచి చోటు ఎవరి వంతో వాడే తెల్లారకముందే వచ్చి కూర్చుంటాడు, ఇంకొకడు వస్తే ఊరుకోడు. కేటాయించని పార్కింగ్ చోట్లకి, పండగరోజుల హాలు బుకింగ్‌కి ఇదే పద్ధతి. ముందొచ్చినవాడిదే అంటే ఖాళీగా ఉండేవాడిదే అవుతుంది. చీటీ వేసి వంతులు తిప్పండి.

జరిమానాల గురించి ఒక్క హెచ్చరిక. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో కొన్ని డే కేర్ సెంటర్లలో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకి చిన్న జరిమానా పెట్టి చూశారు. 2000లో ఆ ఫలితం అచ్చయింది. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగి, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ‘అయ్యో, టీచర్ ఎదురుచూస్తోంది’ అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది ఫీజు అయిపోయింది, డబ్బు కట్టేశాం కదా అని నింపాదిగా వచ్చారు. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు తగ్గలేదు. మొహమాటం ఒకసారి పోతే తిరిగి రాదన్నమాట. కాబట్టి చెత్త తప్పు చోట పెట్టారని మొదటిరోజే రశీదు పుస్తకం తీయకండి. మొదటిసారి ఎవరైనా వెళ్ళి తలుపు కొట్టి మాట్లాడండి. రెండోసారి ఉత్తరం. ఆ తర్వాతే డబ్బు. అప్పుడు మాత్రం నొప్పి తెలిసేంత ఉండాలి.

స్పెయిన్‌లోని వాలెన్సియాలో కాలవ నీళ్ళ తగువులు తీర్చడానికి ఒక పంచాయితీ ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు, రైతులు ఎన్నుకున్నవాళ్ళు కూర్చుంటారు. లాయర్లు లేరు, కాగితాలు లేవు, ఇద్దరూ చెప్పింది విని అక్కడికక్కడే తీర్పు. వందల ఏళ్ళుగా నడుస్తోంది. మనకి చర్చి గుమ్మం అక్కర్లేదు గానీ వారం, వేళ తప్పకుండా కమిటీలో ఒకరు కూర్చునే కుర్చీ ఒకటుంటే వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి యుద్ధాలు సగం తగ్గుతాయి.

నా మాట ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మెయింటెనెన్స్ ఎగ్గొట్టేవాళ్ళకి నీళ్ళు కట్ చేయచ్చా?)

వద్దు. కోపం వస్తుంది, నాకు తెలుసు. కానీ నీళ్ళు, కరెంటు, లిఫ్ట్ ఆపితే ఆ ఇంట్లో ముసలివాళ్ళకీ పిల్లలకీ శిక్ష వేసినట్టు. చాలా చోట్ల చట్టం కూడా ఒప్పుకోదు, బకాయిదారే మీమీద కేసు వేసే స్థితి వస్తుంది. ముందు ఎందుకు కట్టడం లేదో కనుక్కోండి. మూడు రకాలుంటారు. ఉద్యోగం పోయినవాడు ఉంటాడు, వాడికి వాయిదాలు ఇవ్వండి. లెక్కలు చూపించలేదని అలిగినవాడు ఉంటాడు, వాడికి లెక్కలు చూపించండి, అతను అడిగేది న్యాయమే. ఇక ఉన్నా కట్టనివాడు. వాడికి క్లబ్‌హౌస్, హాలు బుకింగ్ లాంటివి మీ నియమావళిలో ఉంటే ఆపండి, వడ్డీ రాయండి, రికవరీకి చట్టం చెప్పిన దారిలో వెళ్ళండి. మొదటి నెల బకాయి రోజునే నోటీసు వెళ్ళాలి. రెండేళ్ళ బకాయి వసూలు చేయడం చాలా కష్టం, రెండు నెలలది ఫోన్‌లో అయిపోతుంది.

(ప్రశ్న: మాది కొత్త కమిటీ. పాత కమిటీ కాగితాలేవీ ఇవ్వలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?)

పాత కమిటీతో పోట్లాటతో మాత్రం మొదలుపెట్టకండి. రాతపూర్వకంగా అడగండి, ఒక గడువు పెట్టండి, ఈలోగా మీ పని మీరు చేయండి. లిఫ్ట్ కంపెనీ, జనరేటర్ సర్వీస్ చేసేవాళ్ళు, బ్యాంకు, కరెంటు ఆఫీసు, వీళ్ళందరి దగ్గరా నకళ్ళుంటాయి. ఏఎంసీ, అంటే యంత్రాల వార్షిక నిర్వహణ ఒప్పందం, ఎప్పటిదాకా ఉంది, అందులో విడిభాగాలు కలిశాయా లేదా, ముందు అది చూడండి. తర్వాత భవనంలో ఎక్కువ కాలంగా పనిచేస్తున్న ప్లంబర్‌నీ వాచ్‌మన్‌నీ వెంటబెట్టుకుని టెర్రస్ నుంచి సంపు దాకా నడవండి. ఏ వాల్వ్ తిప్పితే ఏ లైను ఆగుతుందో వాళ్ళకే తెలుసు, ఏ కాగితంలోనూ ఉండదు. వాళ్ళు చెబుతుంటే ప్రతి వాల్వ్‌కీ ఒక నంబరు బిళ్ళ కట్టి, ఫొటో తీసి, పట్టిక రాయండి. ఆ ప్లంబర్ రేపు మానేస్తే అర్ధరాత్రి పైపు పగిలినప్పుడు మీకు దిక్కు ఆ పట్టికే. ఆ రోజు వాళ్ళకి అదనపు పనికి డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి.